పనిలో పనిగా

ఆయనకు సర్వరయ్య అని పేరు పెట్టింది జంతువుల ఆసుపత్రిలో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చునే అక్క. అంతకుముందు పేరు లేక కాదు. ఈ పేరు వచ్చాక పాతదాన్ని జీతం పత్రం మీద తప్ప ఎవరూ వాడలేదు. ఆసుపత్రి సర్వర్‌ని చూసుకునేవాడు కనుక సర్వరయ్య. ఇంటి దగ్గర ఈ ఉద్యోగం ఏమిటో చెప్పడమే కాస్త కష్టమైంది. ఇందులో చేరిన కొత్తలో అత్తగారు "మా అల్లుడు సర్వర్ పనిలో ఉన్నాడు" అని చుట్టాలకు గొప్పగా చెబితే, వాళ్ళు జాలిగా చూసి "ఏ హోటల్లో అండీ?" అని అడిగారట. ఈ సంగతి సర్వరయ్య తానే అందరికీ చెప్పి నవ్వేవాడు. తనను చూసి ఇతరులు నవ్వేలోపు తానే నవ్వేస్తే బాధ తక్కువని ఆయన సిద్ధాంతం.

ఆ ఆసుపత్రిలో రోగులను చూసి భయపడే ఉద్యోగి ఆయనొక్కడే. చిన్నప్పుడు కుక్క తరిమిందని కాదు, కరిచిందనీ కాదు. కుక్క తనవైపు చూస్తే చాలు, తనలో ఏదో లోపం కనిపెట్టినట్టుండేది. అందుకే పొద్దున్నే వెనక గుమ్మం నుంచి వచ్చి, మందుల స్టోరుకీ పిల్లుల వార్డుకీ మధ్యనున్న సర్వర్ గదిలో దూరిపోయేవాడు. అది ఒకప్పుడు చీపుర్లు పెట్టుకునే గది. పిల్లుల కోసం పెట్టిన ఏసీ గాలి గోడ పైనున్న సందులోంచి ఇటు కూడా వస్తుందని సర్వర్‌ని అక్కడ పెట్టారు. ఆ లెక్కన ఆసుపత్రి బుర్ర మొత్తం పిల్లుల దయమీద బతుకుతోందని ఆయన అనేవాడు.

సర్వర్ లైనక్స్ మీద నడిచేది. దాని మీద ఒక డేటాబేస్. అందులో పదకొండేళ్ళుగా ఆసుపత్రికి వచ్చిన ముప్పై ఒక్క వేల జంతువుల చరిత్ర ఉంది. ఏ కుక్కకు ఎప్పుడు టీకా వేశారు, ఏ పిల్లికి ఏ ఆపరేషన్ చేశారు, ఏ మందు ఎవరికి పడదు, అన్నీ. సర్వరయ్య చేరి ఆరేళ్ళైంది. ఆ ఆరేళ్ళలో ఆయన ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ని ఒక్కసారి కూడా కొత్త వెర్షన్‌కి మార్చలేదు. ఎవరైనా అడిగితే "నడుస్తున్న బండికి చెయ్యి అడ్డం పెట్టకూడదు" అనేవాడు. వినేవాళ్ళకు అది అనుభవంలా వినిపించేది. నిజానికి అది బద్ధకం, అందులో సగంపాలు భయం.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఈ పాత వెర్షన్‌కి ఇక మరమ్మతులు చెయ్యబోమని రెండేళ్ళుగా ఉత్తరాలు పంపుతూనే ఉన్నారు. వాటన్నిటినీ సర్వరయ్య 'తరువాత' అనే ఫోల్డరులో భద్రంగా దాచాడు. చివరికి ఈ నెలాఖరే గడువు అని ఉత్తరం వచ్చింది. అదే వారంలో మరో ఊళ్ళో ఒక ఆసుపత్రి కంప్యూటర్లను దొంగలు దూరం నుంచే తాళం వేసేశారని పెద్ద డాక్టరమ్మ ఎక్కడో విన్నది. వెంటనే పిలిపించింది.

"మనది భద్రమేనా సర్వరయ్య గారూ?"

"ఒక చిన్న అప్‌గ్రేడ్ చేస్తే భద్రమే మేడమ్."

"ఎంతసేపు పడుతుంది?"

"రెండు గంటల పని మేడమ్."

ఆ మాట నోరు అనేసింది. బుర్ర అప్పటికింకా వరండాలోనే ఉంది, తలుపు దగ్గర కట్టేసిన కుక్కను దాటడమెలాగా అని ఆలోచిస్తూ. "అయితే వచ్చే ఆదివారం చేసెయ్యండి. ఆరోజు ఓపీ ఉండదు కదా," అంది డాక్టరమ్మ. ఆరేళ్ళ వేదాంతం అక్కడితో ముగిసింది.

భయమున్నవాడు కనుక సర్వరయ్య తయారీ బాగానే చేశాడు. ఇంట్లో పాత కంప్యూటర్‌ని భోజనాల బల్ల మీద పెట్టి, ఆసుపత్రి డేటాబేస్ నకలును అందులో ఎక్కించి, నాలుగుసార్లు అభ్యాసం చేశాడు. నాలుగుసార్లూ గంటన్నరలో అయిపోయింది. చెయ్యాల్సిన పనులు పంతొమ్మిది మెట్లుగా కాగితం మీద రాసుకుని భార్యకు చూపించాడు.

ఆవిడ ఒక ప్రచురణ సంస్థలో పనిచేస్తుంది. పుస్తకాల చివర సూచికలు తయారుచెయ్యడం, నిఘంటువుల ప్రూఫులు దిద్దడం ఆవిడ పని. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని జాబితా అంతా చదివి, "పన్నెండు రెండుసార్లు వేశారు. మొత్తం ఇరవై," అంది. తరువాత కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది. "ఇందులో లేనిదేదైనా అప్పటికప్పుడు చెయ్యాలనిపిస్తే?"

"నేనా? గీసిన గీత దాటను."

"అత్తయ్య గారింట్లో కుళాయి బిగించడానికి వెళ్ళి గోడ పగలగొట్టినప్పుడూ ఇదే మాటన్నారు."

ఆదివారం పొద్దున పది గంటలకు సర్వరయ్య సర్వర్ ముందు కూర్చున్నాడు. ఆసుపత్రి ప్రశాంతంగా ఉంది. బ్యాకప్ తీశాడు, తీసినదాన్ని వేరే చోట తెరిచి చూశాడు, అంతా సరిగ్గా ఉంది. డేటాబేస్‌ని ఆపాడు. మెట్టు మీద మెట్టుగా ఎనిమిదో మెట్టు దాకా వచ్చాడు. అక్కడ తెర మీద చిన్న అక్షరాల్లో ఒక మాట కనిపించింది. మీ లైనక్స్‌కి కూడా కొత్త విడుదల సిద్ధంగా ఉంది, ఎక్కించమంటారా?

సర్వరయ్య టైము చూశాడు. పదిన్నరే. ఎలాగూ డేటాబేస్ ఆగే ఉంది. ఎలాగూ ఆదివారం. ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు చెయ్యాల్సిందే. మూడు 'ఎలాగూ'లు ఒకచోట చేరితే మనిషికి ధైర్యం వస్తుంది. పనిలో పనిగా దీన్ని కూడా కానిచ్చేద్దాం అనుకున్నాడు. ఇంట్లో నాలుగుసార్లు చేసిన అభ్యాసంలో ఈ ముక్క లేదని గుర్తురాలేదు. గుర్తొచ్చినా, గుర్తు రానట్టు నటించేవాడేనని తరువాత ఆయనే ఒప్పుకున్నాడు.

లైనక్స్ మారడానికి గంట పట్టింది. సర్వర్ ఆగి, మళ్ళీ లేచి, కుశలంగానే పలకరించింది. తరువాత డేటాబేస్ వంతు. ఉన్న సమాచారాన్ని ఉన్నచోటే ఉంచి, సాఫ్ట్‌వేర్‌ని మాత్రం మార్చే దగ్గరి దారి పట్టాడు. తెర మీద వరసగా 'సరే', 'సరే', 'సరే' అని ఆకుపచ్చ లైన్లు దిగాయి. మధ్యలో ఒక పసుపు లైను వచ్చింది. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి. ఎరుపు కాదు కదా అనుకున్నాడు. ఎరుపైతే తప్పు, పసుపైతే సలహా. ఆరేళ్ళుగా ఆయన ఎవరి సలహా విన్నాడు గనక?

ఒంటిగంటకు అంతా అయిపోయింది. పరీక్షకు 'బ్లాకీ' అని కొట్టాడు. బ్లాకీ వచ్చింది. 'స్నోయి' అని కొట్టాడు. స్నోయి వచ్చింది, ఫోటోతో సహా. సర్వరయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులో "అప్‌గ్రేడ్ దిగ్విజయంగా పూర్తయినది. లైనక్స్ కూడా కొత్తదే! సహకరించిన అందరికీ ధన్యవాదములు" అని పెట్టాడు. సహకరించినవాళ్ళు ఎవరూ లేరు. పక్క గదిలో రెండు పిల్లులున్నాయంతే. ఇంటికెళ్ళి భోంచేసి, గెలిచొచ్చినవాడిలా కాలు మీద కాలు వేసుకుని, సాయంత్రం దాకా నిద్రపోయాడు.

సోమవారం ఎనిమిదిన్నరకు, టీ కప్పు ఇంకా చేతిలో ఉండగానే, బల్లమీద ఫోన్ మోగింది. రిసెప్షన్ అక్క.

"సర్వరయ్యా, రాణి-4 లేదంటోంది."

ఇక్కడ అక్క పద్ధతి ఒకటి చెప్పాలి. జనం తమ పిల్లల పేర్లకు పుస్తకాలు తిరగేస్తారు గానీ, కుక్కపిల్ల దగ్గరికి వచ్చేసరికి నోటికొచ్చింది పెట్టేస్తారు. ఆసుపత్రి లెక్కలో రాణులు ఎనభై మంది, టైగర్లు నూటికి పైన. అందుకే పేరు పక్కన ఒక అడ్డగీత, గీత పక్కన ఒక అంకె వేసి వాటిని వేరు చెయ్యడం అక్క మొదటి నుంచీ పాటిస్తున్న నియమం. ఒకే పేరు, ఒకే అంకె ఇంకొకదానికి ఇస్తే డేటాబేస్ ఒప్పుకోదు.

"స్పెల్లింగ్ చూసుకో అక్కా," అన్నాడు సర్వరయ్య టీ చప్పరిస్తూ.

"పదకొండేళ్ళ నుంచీ రాస్తున్నా. రాణికి స్పెల్లింగేంటి?"

"గీత పెట్టావా?"

"గీత పెట్టా, నాలుగు పెట్టా. ఇక పెట్టాల్సింది దణ్ణమొక్కటే."

"అయితే ఎప్పుడో ఎవరో పొరపాటున తీసేసుంటారు. కొత్తగా ఎంటర్ చేసెయ్యి. ఆ, అక్కా, తెర మీద ఏదొచ్చినా చదవకుండా ఓకే నొక్కెయ్యకూడదని నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

లేచి వెళ్ళి చూసుంటే సరిపోయేది. రిసెప్షన్ హాలు ఇరవై అడుగుల దూరం. కానీ సోమవారం పొద్దున ఆ ఇరవై అడుగుల్లో పాతిక కుక్కలుంటాయి.

అక్క కొత్తగా ఎంటర్ చేసింది. డేటాబేస్ కిక్కురుమనకుండా ఒప్పుకుంది. తరువాత టైగర్-9 లేదన్నది. టైగర్-31 లేదన్నది. చింటూ-2 ఉన్నాడు గానీ చింటూ-3 లేడు. అక్క ఒక్కొక్కదాన్నీ కొత్తగా ఎంటర్ చేసుకుంటూ పోయింది. హాల్లో వరస పెరిగింది. ఒకావిడ తన పిల్లిని బుట్టతో సహా బల్లమీద పెట్టి, "ఆరేళ్ళ నుంచి వస్తున్నాం, ఇప్పుడు నా పిల్లి పుట్టలేదంటారా?" అని నిలదీసింది. ఆ పిల్లి పేరు టైగర్-31. పదయ్యేలోపు అలా ఇరవై మూడు జంతువులు రెండో జన్మ ఎత్తాయి.

పదింటికి అసలు సంగతి జరిగింది.

రాణి-4 ఒక రిటైరైన బస్సు డ్రైవరు కుక్క. ముసలిది, గోధుమరంగుది, ఒళ్ళంతా దురదతో వచ్చింది. కాంపౌండరు కంప్యూటర్లో దాని చిట్టా తెరిచాడు. పడని మందులు అన్నచోట ఖాళీ. చిన్న డాక్టరు రాసిన ఇంజెక్షన్ సీసాలోకి సూది గుచ్చి మందు ఎక్కిస్తుండగా, డ్రైవరు కుర్చీలోంచి లేచాడు.

"బాబూ, ఆగండాగండి. పోయినేడు ఈ ఎర్రమూత సీసాదే పొడిస్తే దీని మొహం బుడగలా ఉబ్బింది. ఊపిరాడలేదు. అప్పుడు మీవాళ్ళు రాసుకున్నారు కూడా."

కాంపౌండరు సూది కింద పెట్టి అక్కను అడిగాడు. అక్క సర్వరయ్యకు ఫోన్ చేసి స్పీకరు నొక్కింది. సర్వరయ్య తన తెర మీద వెతికాడు. అందులోనూ పొద్దున ఎంటర్ చేసిన కొత్త చిట్టానే వచ్చింది.

"ఏమీ లేదక్కా. ఖాళీగానే ఉంది. ఆయన వేరే ఆసుపత్రి అనుకుంటున్నారేమో."

ఆ మాట హాలంతా విన్నది. పెద్దాయన నెమ్మదిగా కుక్క మెడ మీద చెయ్యి వేశాడు. "ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను బాబూ. ఏ స్టాపులో ఏం జరిగిందో మర్చిపోయే మనిషిని కాదు. మీ కంప్యూటర్ ఏమన్నా అననివ్వండి. ఆ సూది మాత్రం నా పిల్లకు పడనివ్వను."

ఆ గొడవకి పెద్ద డాక్టరమ్మ తన గదిలోంచి వచ్చింది. కుక్కను చూడగానే గుర్తుపట్టింది. "దీనికా? దీనికిది పడదు! ఆరోజు గంటన్నర నేనే పక్కన కూర్చున్నాను. ఎర్రక్షరాలతో రాయించాను కూడా." కాంపౌండరు చేతిలోంచి సీసా తీసి పక్కన పెట్టింది. తరువాత, ఆరేళ్ళలో మొదటిసారి, సర్వర్ గదికి స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నేను రాయించింది ఎక్కడికి పోయింది సర్వరయ్య గారూ?"

గట్టిగా కూడా అడగలేదు. గట్టిగా అడిగుంటే సర్వరయ్య ఏదో ఒకటి వాదించేవాడు. ఇలా అడిగేసరికి "పది నిమిషాలు ఇవ్వండి మేడమ్," అని మాత్రం అన్నాడు.

ముందు జంతువులన్నిటినీ లెక్కపెట్టాడు. ఆదివారం ఎన్నున్నాయో అన్నీ ఉన్నాయి, పైన ఇరవై మూడు. అంటే ఏదీ పోలేదు. పేరుతో వెతకడం మానేసి, మొత్తం జాబితాను మొదటి నుంచి చివరి దాకా వరసగా దింపించాడు. రాణి-4 ఉంది. ఎర్రక్షరాలతో సహా, పోయినేడు ఎలా ఉందో అలాగే. దానికి చాలా దిగువన ఇంకో రాణి-4, ఈ పొద్దుటిది. ఒకే పేరుతో రెండు ఉండనే ఉండకూడదు, ఉన్నాయి. ఉన్నది వెతికితే దొరకదు, ఉండకూడనిది కళ్ళెదుట ఉంది. సర్వరయ్యకు ఒళ్ళంతా చెమట పట్టింది. పిల్లుల ఏసీ కూడా దాన్ని ఆపలేకపోయింది.

భార్యకు ఫోన్ చేశాడు.

"ఏం లేదు, ఊరికే..."

"మీరు పనివేళ ఊరికే ఫోన్ చెయ్యరు. ఏమైంది?"

చెప్పాడు. పేరుతో వెతికితే కొన్ని దొరుకుతున్నాయి, కొన్ని దొరకడం లేదు. దొరకనివన్నీ గీత ఉన్నవే. అవతల ప్రెస్సులో ఎవరో కాగితాలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"మా నిఘంటువు రెండో ముద్రణప్పుడు ఇలాగే అయింది," అంది. "'క్ష' అక్షరం మొదట్లో వచ్చే మాటల్ని 'క'లో పెట్టాలా, అక్షరాలన్నీ అయిపోయాక చివర్లో పెట్టాలా అని పెద్ద చర్చ జరిగింది. పుస్తకంలో పాత వరసలోనే ఉన్నాయి. ముందుమాటలో మాత్రం కొత్త వరస అని వేసేశారు. చదివేవాళ్ళు చివరి పేజీలు తిరగేసి, 'క్షణం' అనే మాటే లేని నిఘంటువు వేశారని ఉత్తరాలు రాశారు. మాట ఎక్కడికీ పోలేదండీ. వెతికేవాళ్ళు వేరే చోట వెతికారు."

"అంటే..."

"అంటే మీ మిషను ఆదివారం దాకా గీతను ఒక వరసలో లెక్కపెట్టింది, ఇప్పుడు ఇంకో వరసలో లెక్కపెడుతోంది. సూచిక పాత వరసలోదే. అక్షరాల వరస మారేలా ఏం చేశారు?"

"డేటాబేస్ మార్చాను."

"ఇంట్లో నాలుగుసార్లు మార్చినప్పుడు రాలేదు కదా. దానితోపాటు?"

"పనిలో పనిగా... లైనక్స్ కూడా..."

అవతల నుంచి "అబ్బా" అని ఒక్క మాట వచ్చింది. అందులో కుళాయి ఉంది, గోడ ఉంది, పదమూడేళ్ళ కాపురం ఉంది.

ఫోన్ పెట్టేసి, సర్వరయ్య ఆదివారం నాటి లాగ్ తెరిచాడు. లాగ్ అంటే సర్వర్ తను చేసినదల్లా రాసుకునే దినచర్య. అందులో ఆ మూడు పసుపు లైన్లూ ఉన్నాయి. ఆయన వాటిని మొదటిసారి చదివాడు. లైనక్స్‌లో అక్షరాలను వరసపెట్టే పద్ధతి మారిందనీ, పేర్ల సూచికలు పాత పద్ధతిలో కట్టి ఉన్నాయనీ, వాటిని తిరిగి కట్టుకునేదాకా వెతికినవి దొరక్కపోవచ్చనీ అందులో స్పష్టంగా రాసుంది. ఏ కమాండు వాడాలో కూడా రాసుంది. చంటిపిల్లాడికి చెప్పినట్టు మూడుసార్లు రాసుంది. తెర మీద వచ్చింది చదవమని ఆరేళ్ళుగా అక్కకు నీతులు చెబుతున్న పెద్దమనిషి, తన తెర మీది మూడు లైన్లు చదవలేదు.

డాక్టరమ్మ గదికి వెళ్ళే దారిలో సర్వరయ్య మనసులో నాలుగు వాక్యాలు తయారయ్యాయి. 'సాఫ్ట్‌వేర్‌లో చిన్న లోపం మేడమ్' అన్నది మొదటిది. 'ఇది అందరికీ వస్తున్న సమస్యే' అన్నది రెండోది. మిగిలిన రెండింటిలో కర్త అనేవాడే లేడు. అన్నీ వాటంతటవే జరిగిపోయాయి. వరండాలో రాణి పడుకుని ఉంది. పెద్దాయన దాని చెవి వెనక మెల్లగా గోకుతున్నాడు. అది సర్వరయ్య వైపు చూసింది. నాలుగు వాక్యాలూ ఎటో పోయాయి.

"మేడమ్, తప్పు నాది," అన్నాడు లోపలికి వెళ్ళి. "చెప్పిన పని ఒకటి, చేసిన పని రెండు. సర్వర్ హెచ్చరించింది, నేను చదవలేదు. పొద్దున అక్క చెప్పింది, వినలేదు. మీరు రాయించింది భద్రంగానే ఉంది. దాన్ని దొరక్కుండా చేసింది నేను."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. "శనివారం ఎలా ఉందో అలా వెనక్కి తీసుకెళ్ళగలరా?"

"బ్యాకప్ ఉంది మేడమ్. కానీ పొద్దుటి నుంచి రాసినవన్నీ పోతాయి."

"వద్దు. ముందుకే బాగుచెయ్యండి. ఎంతసేపు?"

"రెండు..." అని నోరు మొదలుపెట్టింది. ఈసారి సర్వరయ్య దాన్ని పట్టుకుని ఆపాడు. "తెలీదు మేడమ్. చేస్తే గాని తెలీదు."

"ఆరోజు నేనడిగినప్పుడు కూడా ఇదే జవాబు చెప్పుంటే బాగుండేది," అంది డాక్టరమ్మ. "అందాకా అందరం కాగితం మీద రాస్తాం. పడని మందుల సంగతి ప్రతి ఓనర్నీ నోటితో అడిగాకే సూది. ఇది నేను చెబుతాను. మీరు వెళ్ళి అక్కకు చెప్పండి."

అక్కకు చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. సర్వరయ్య బల్ల దగ్గరికి వెళ్ళి, కొంచెం వంగి, చెవిలో చెప్పినట్టుగా, "అక్కా, నీ స్పెల్లింగ్ తప్పు కాదు," అన్నాడు.

"ఏంటి? కుక్కల గోలలో వినపడలేదు."

"నీ స్పెల్లింగ్ తప్పు కాదక్కా!"

"ఆ ముక్క అటు తిరిగి చెప్పు. పొద్దుటి నుంచి వీళ్ళందరూ నాకు రాయడం రాదనుకుంటున్నారు."

సర్వరయ్య అటు తిరిగాడు. ముప్పై మంది మనుషులు, పాతిక కుక్కలు, బుట్టల్లో ఏడెనిమిది పిల్లులు ఆయన్నే చూస్తున్నాయి. "అక్క తప్పేం లేదండి. కంప్యూటర్ని నేను పాడుచేశాను. మీ జంతువులన్నీ ఉన్నాయి," అన్నాడు. వెనక వరసలోంచి ఎవరో "పుట్టాయా?" అని అడిగారు. హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. కానీ ఈసారి వాళ్ళే ముందు నవ్వారు.

సూచికలు తిరిగి కట్టడానికి కమాండు ఇస్తే డేటాబేస్ మొండికేసింది. ఒకే పేరుతో రెండేసి ఉన్నాయి, ముందు అవి తేల్చుకుని రమ్మంది. ఇరవై మూడు జతలు. ప్రతి జతలోనూ పాతదేదో, పొద్దుటిదేదో చూసి, పొద్దుట రాసినదాన్ని పాతదానిలోకి చేర్చి, కొత్తదాన్ని తీసెయ్యాలి. రెండూ ఒకే జంతువువేనా అని ఓనరును అడిగి రూఢి చేసుకోవాలి. ఊహించుకుని చెయ్యడం ఇక చాలనుకున్నాడు.

కాగితం పట్టుకుని హాల్లోకి వెళ్ళాడు. బల్ల నుంచి బల్లకు తిరుగుతూ, "మీ టైగర్‌కి ఎడమ కాలు ఆపరేషనయిందా?" అని అడగసాగాడు. ఒక టైగర్ ఆయన చెప్పు నాకింది. ఇంకొకటి కాగితం అంచు కొరికింది. చింటూ-3 ఆయన మోకాలి మీద రెండు కాళ్ళూ పెట్టి లేచి నిలబడితే, సర్వరయ్య కళ్ళు మూసుకుని, "ఇతనికి చెవిలో చీము వచ్చిందాండీ, రెండేళ్ళ క్రితం?" అని అలాగే అడిగాడు. "వచ్చింది," అంది ఓనరు. సర్వరయ్య కళ్ళు తెరవకుండానే టిక్కు పెట్టుకున్నాడు. ఆ టిక్కు పక్క గడిలో పడింది. ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళకు అక్క ఫోన్లు చేసింది. ఒకాయన, "మా వాడికి రెండు చిట్టాలుంటే రెండూ ఉంచండి, తిండి ఎలాగూ ఇద్దరిది తింటాడు," అన్నాడట.

మధ్యాహ్నం రెండున్నరకు ఇరవై రెండు జతలు తేలాయి. మిగిలింది రాణి-4. రాణికి వేరే మందు ఇచ్చారు. దురద కొంచెం తగ్గి అది బయట నీడలో నిద్రపోతోంది. పెద్దాయన సర్వరయ్య చేతిలోని కాగితాన్ని చూసి, "ఇది అదే రాణి బాబూ. నా దగ్గర ఇంకో రాణి లేదు," అన్నాడు. సర్వరయ్య ఆయనకు క్షమాపణ చెప్పాడు. పెద్దాయన, "ఒకసారి నేనూ స్టాపు దాటించేశాను. పాసింజరు దిగి నడిచొచ్చి తిట్టాడు. ఆ మర్నాటి నుంచీ అద్దంలో రెండుసార్లు చూసుకున్నాను. అంతే కదా చెయ్యగలిగింది," అన్నాడు.

సర్వరయ్య గదిలోకి వచ్చి రెండు చిట్టాలూ పక్కపక్కన తెరిచాడు. పాతదానిలో డాక్టరమ్మ ఎర్రక్షరాలు. పొద్దుటిదానిలో, పడని మందుల గడిలో, అక్క పదిన్నరకు టైపు చేసిన మూడు వాక్యాలు కనిపించాయి. 'పడని మందులేమీ లేవని సర్వరయ్య చెప్పాడు. ఉన్నాయని ఓనరు చెప్పాడు. ఓనరు మాటే నిజం.'

పొద్దుటి చిట్టా ఎలాగూ తీసెయ్యాల్సిందే. దానితోపాటు ఈ మూడు వాక్యాలు కూడా పోయినా ఎవరూ అడగరు. ఎర్రక్షరాల్లో మందు పేరు ఉండనే ఉంది. ఇంకేం కావాలి? సర్వరయ్య వేలు మీట మీద కాసేపు ఆగింది. తరువాత ఆ మూడు వాక్యాలనూ ఒక్క అక్షరం మార్చకుండా తెచ్చి, ఎర్రక్షరాల కింద చేర్చాడు. కొత్త చిట్టాను తీసేసి, సూచికల కమాండు మళ్ళీ ఇచ్చాడు. ఈసారి వచ్చిన ప్రతి లైనునూ చదివాడు, ఆకుపచ్చవి కూడా. మొత్తం ఆరు నిమిషాలు పట్టింది. అక్క కాగితం మీది పేర్లన్నీ ఒక్కొక్కటే వెతికి, గోడ అవతల నుంచి "ఉంది... ఉంది... ఇదీ ఉంది..." అని అరుస్తూ పోయింది.

ఆ మూడు వాక్యాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. రాణి ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా కాంపౌండరు వాటిని పైకి చదివి, పెద్దాయన "అవును" అన్నాకే, సూది చేతిలోకి తీసుకుంటాడు.